తిట్టడానికి మనుషులు కావలెను

ఇన్‌స్టిట్యూట్,
మందుల షాపు మేడ మీద
జూన్ మొదటి వారం

మరదలికి,

ఆశీస్సులు ముందే రాసేస్తున్నాను. ఉత్తరం పూర్తయ్యేసరికి రాయాలనిపించకపోవచ్చు.

నువ్వు ఫోను ఎత్తవని తెలుసు. రోజంతా హెడ్‌సెట్ తగిలించుకున్న చెవికి ఇంటికొచ్చాక ఇంకో గొంతు సహించదని నువ్వే అన్నావు. ఉత్తరాలు రాసుకుందాం వదినా అన్నదీ నువ్వే. జవాబులు మాత్రం రాసుకోవద్దని మనం అనుకోలేదుగా? పోయిన నెల రాసినదానికి ఉలుకూ పలుకూ లేదు. మా తమ్ముడు దాన్ని జేబులో పెట్టుకుని ఏ లిఫ్టు రిపేరుకో వెళ్ళి మర్చిపోయి ఉంటే, వాడి చెవి మెలిపెట్టి నా పేరు చెప్పు.

సంగతి ఏమిటంటే, బ్యాచ్ తయారైంది. టైపింగ్ వచ్చింది, కంప్యూటర్ వచ్చింది, ఫోనులో తడబడకుండా మాట్లాడటం వచ్చింది. సైరన్ అని పేరు పెట్టానే ఒకమ్మాయికి, ఆ పిల్ల గొంతు కూడా ఇప్పుడు వీధి చివరిదాకా పోకుండా గదిలోనే ఆగుతోంది. "ఈసారి మీ బ్యాచ్ మొత్తాన్ని మా కాల్ సెంటర్ తీసుకుంటుంది, సీట్లు ఖాళీగా ఉన్నాయి" అని ఏప్రిల్‌లో నువ్వు రాసిన మాట పట్టుకునే వీళ్ళందరినీ చేర్చుకున్నాను.

ఆయా గురించి కూడా రాశాను, గుర్తుందా? నర్సింగ్ హోమ్‌లో రోగుల్ని లేపీ పడుకోబెట్టీ నడుం పోయిందని, కూర్చుని చేసే పని ఏదైనా చాలని వచ్చిన ఆవిడ. అక్కడి డ్యూటీ, ఇక్కడి క్లాసు రెండూ కుదరక కిందటి వారం అక్కడ మానేసింది. మానేసే ముందు "ఖాయమేనా మేడం?" అని అడిగింది. నీ ఉత్తరం చేతికిచ్చాను. చదివి, నాకిచ్చేసి, తిన్నగా వెళ్ళి పని వదిలేసి వచ్చింది.

అందుకని తేదీ రాయి. ఇంటర్వ్యూ ఏ రోజో ఆ ఒక్క ముక్క రాస్తే చాలు, మిగతా కుశలం నేను ఊహించుకుంటాను.

మీ వదిన


ఆఫీసు క్యాంటీన్,
కిటికీ పక్క బల్ల
జూన్ చివర

వదినగారికి నమస్కారాలు.

మీ తమ్ముడి చెవి మెలిపెట్టక్కర్లేదు. ఉత్తరం అదే రోజు నా చేతికిచ్చారు. నేనే రాయలేదు. పని ఊపిరి సలపనివ్వడం లేదు.

నన్నిప్పుడు క్వాలిటీ విభాగంలో వేశారు. కాల్స్ నేను ఎత్తనక్కర్లేదు, వేరేవాళ్ళు మాట్లాడింది విని తప్పొప్పులు రాయాలి. కుర్చీ కొత్తది, ఏసీ కూడా సరిగ్గా నా నెత్తి మీదే ఉంది. రోజూ శాలువా తెచ్చుకుంటున్నాను.

ఇంటర్వ్యూలు కాస్త వెనక్కి జరిగాయి. పైవాళ్ళు ఏవో మార్పులు చేస్తున్నారు, అవి తేలాక చెప్తారట. ఈలోగా మీవాళ్ళని ఇంకొంచెం సానపట్టండి. ఆయాగారు అప్పుడే మానేయకుండా ఉండాల్సిందేమో. సరే, అయిందేదో అయింది.

వదినా, చిన్న సాయం. పెళ్ళయిన కొత్తలో నన్ను మీ ముందు కూర్చోబెట్టుకుని నేర్పారు చూడండి, కోపంగా ఉన్నవాళ్ళతో ఎలా మాట్లాడాలో, అదంతా ఒక కాగితం మీద వివరంగా రాసి పంపగలరా? నాకు అలవాటైపోయిందే తప్ప ఎవరికైనా విడమర్చి చెప్పమంటే చేతకావడం లేదు. ఇక్కడ చాలా ఉపయోగపడుతుంది.

మీ మరదలు


ఇన్‌స్టిట్యూట్,
మందుల షాపు మేడ మీద
జూలై

మరదలా,

తేదీ అడిగితే ఏసీ గురించి రాశావు. చలేస్తే కుర్చీ జరుపుకో.

అడిగావు కాబట్టి రాస్తున్నాను, నా పాఠం ఎవరైనా అడిగితే కాదనలేను, అది నా బలహీనత. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్న మాట నా క్లాసులో నిషేధం. అది బస్టాండులో వినపడే మాట, మనిషి మాట కాదు. అవతలివాళ్ళు అరుస్తుంటే అడ్డు రాకూడదు, అరిచే ఓపిక అయిపోయేదాకా వినాలి. ఆ తర్వాత వాళ్ళ బాధని వాళ్ళ మాటల్లోనే తిరిగి చెప్పాలి. "ఫ్రిజ్ పనిచేయడం లేదు" అని మన భాషలోకి మార్చకూడదు, "పాలన్నీ విరిగిపోయాయంటున్నారు" అనాలి. అప్పుడు "అవునండీ, ఈ తిప్పలు మా వల్లే" అనాలి. సాకు చెప్పకూడదు. అన్నాక చిన్న ఊపిరి తీసుకోవాలి, అది వాళ్ళకి వినపడాలి. మన ఊపిరి వినపడితే వాళ్ళకి ఎదురుగా ఒక మనిషి కూర్చున్నట్టుంటుంది, కోపం సగం దిగుతుంది. ఆ తర్వాతే ఏం చేయబోతున్నామో చెప్పాలి. అప్పటిదాకా పరిష్కారం ఊసెత్తకూడదు.

ఇది నేనేదో పుస్తకంలో చదవలేదు. నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చుని, కుళాయి రానివాళ్ళందరి చేతా తిట్లు తిని నేర్చుకున్నాను.

ఇంతకీ ఇది ఎవరికి నేర్పడానికి? కొత్తగా చేరినవాళ్ళకా? అయితే వాళ్ళని తీసేసి నావాళ్ళని పెట్టుకోమను, పాఠం చెప్పే శ్రమ తప్పుతుంది. ఆయా బదులు నర్సింగ్ హోమ్‌లో ఇంకొకావిడని పెట్టేసుకున్నారు. ఇంట్లో తోడికోడలు "ఆఫీసరు గారు ఇంకా డ్యూటీకి బయల్దేరలేదా?" అంటోందట. ఆయా నాతో నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

తేదీ.

మీ వదిన


ఆఫీసు క్యాంటీన్
జూలై చివర

వదినగారికి,

పాఠం అందింది. పైవాళ్ళకి చూపిస్తే ఇంత తేటగా ఎవరు రాశారని అడిగారు. మా వదినగారని గర్వంగా చెప్పాను.

తేదీ ఇంకా తేలలేదు. తేలగానే నేనే రాస్తాను, మీరు మళ్ళీ మళ్ళీ అడగొద్దు. మేడ మీద మీ క్లాసులో ఉక్కగా ఉంటుంది కదా, నిలువెత్తు ఫ్యాను ఒకటి మీ తమ్ముడి చేత పంపుతున్నాను.

మీ మరదలు


ఇన్‌స్టిట్యూట్
ఆగస్టు

బంగారు మరదలికి,

ఫ్యాను వచ్చింది, గాలీ వస్తోంది, కానీ ఈ ఉత్తరం దాని గురించి కాదు. ఇవాళ నిన్ను తిట్టబోవడం లేదు, కంగారు పడకు.

మా ఫ్రిజ్ చచ్చింది. మీ కాల్ సెంటర్ చూసే కంపెనీదే. పొద్దున్నే క్లాసుకొచ్చి ఫోను చేశాను, బాగా కడిగేద్దామనే చేశాను. ఒకమ్మాయి ఎత్తింది. నేను అరిచినంతసేపూ నోరు మెదపలేదు. ఆగాక, "కూరగాయలన్నీ వాడిపోయాయి, ముందురోజు అన్నం పారబోయాల్సి వచ్చిందంటున్నారు" అంది, నేనన్నది అన్నట్టుగా. ఆ తర్వాత ఏమందో తెలుసా? "అవునండీ, ఈ తిప్పలు మా వల్లే." అని ఊపిరి తీసుకుంది. మరదలా, నాకు వినపడిందే ఆ ఊపిరి!

నా అమ్మాయే! ఏదో పాత బ్యాచ్ పిల్ల అయి ఉంటుంది. ఫ్రిజ్ సంగతి మర్చిపోయి స్పీకర్ పెట్టి క్లాసునంతా చుట్టూ పిలిచాను. "అమ్మాయ్, నువ్వు ఏ బ్యాచ్? నన్ను గుర్తుపట్టలేదా?" అని అడిగాను. "నా బ్యాచ్ గురించి అడుగుతున్నారు. ముందు మీ ఫ్రిజ్ సంగతి చూద్దామా అండీ?" అంది. చూశావా క్రమశిక్షణ! డ్యూటీలో సొంత కబుర్లు కూడదని నా రూలే కదా. మురిసిపోయాను. కాల్ అయ్యాక మార్కులు వేయమంటే అయిదుకి అయిదు నొక్కి, "ఇంత బాగా మాట్లాడే మనిషిని ఈ మధ్య చూడలేదు" అని రికార్డు కూడా చేశాను.

ఆయా కళ్ళు మూసుకుని విన్నది. "ఇలా నేను కూడా మాట్లాడగలను మేడం" అంది. నిజమే, మాట్లాడగలదు.

ఆ పిల్ల ఎవరో కనుక్కుని నా దీవెనలు చెప్పు. వీళ్ళ తేదీ కూడా చూడు.

మీ వదిన


ఇంట్లో,
వంటగది బల్ల
ఆగస్టు చివర

వదినా,

ఈ ఉత్తరం ఇప్పటికి ఎన్నిసార్లు మొదలుపెట్టి చించానో. ఆ అమ్మాయికి మీ దీవెనలు చెప్పానని ఒకటి రాశాను. అది కూడా చించాను.

అది అమ్మాయి కాదు వదినా. మెషిన్. ఏఐ అంటున్నారు చూడండి, అది. ఫోను ఎత్తేది అదే, మాట్లాడేది అదే. నేను క్వాలిటీలో విని తప్పొప్పులు రాస్తున్నానన్నది దాని మాటలకే. మొదట్లో అది బస్టాండు మాటలే మాట్లాడేది. మీ పాఠం పెట్టాక మారింది. ఊపిరి కూడా పెట్టారు, నేనే ఎక్కడెక్కడ పెట్టాలో గుర్తులు పెట్టి ఇచ్చాను.

మీరు అయిదు నొక్కిన కాల్‌ని మీటింగులో అందరికీ వినిపించారు. ఒక టీచరే దాన్ని తన శిష్యురాలనుకుందంటే ఇక మనుషులతో పనేముంది అన్నారు. ఆ వారమే మా వరసలో కూర్చునేవాళ్ళందరినీ పంపించేశారు. మీ పాత బ్యాచ్ పిల్లలు కూడా అందులో ఉన్నారు. వెళ్తూ నాకు చెప్పి వెళ్ళారు, నేను తల ఎత్తలేదు.

ఇంటర్వ్యూలు లేవు. ఇక ఉండవు. ఏప్రిల్‌లో నేను రాసినప్పుడు సీట్లు నిజంగానే ఉన్నాయి. మే నెలలో తీసేశారు. ఆయాగారు అప్పటికింకా పని మానలేదని మీ ఉత్తరం చూశాక తెలిసింది. మీ మనసు కష్టపెట్టలేక చెప్పలేదు. పైగా నా చేతుల్లో ఏముంది? నేను కాకపోతే ఇంకొకరు చేసేవారు. మీకు కోపం వస్తుంది. రావాల్సిందే.

మీ మరదలు


ఇన్‌స్టిట్యూట్
సెప్టెంబరు

మనసు కష్టపెట్టలేకట!

మే నెలలో ఒక్క ముక్క రాసి ఉంటే ఆయా ఇవాళ నర్సింగ్ హోమ్‌లో ఉండేది. నడుం నొప్పితో అయినా ఉండేది. తేదీ తేదీ అని నేను నీ వెంటపడుతుంటే నాకు శాలువా కథలు చెప్పావు, ఫ్యాను పంపించావు. నా చేతే నా పాఠం రాయించుకున్నావు. చివరికి నా నోటితోనే నా పిల్లల ఉద్యోగాలు తీయించారు మీరంతా కలిసి. అయిదుకి అయిదు నొక్కానే!

క్లాసుకి నేనే చెప్పాను. సైరన్ కూడా నోరెత్తలేదు. ఆయా "మేడం, అది నాకంటే బాగా మాట్లాడిందా?" అని అడిగింది. లేదు అని చెప్పాలి. నేను టీచర్ని, మార్కులు వేయడం నా పని. అబద్ధం రాలేదు, నిజం చెప్పలేకపోయాను. రిజిస్టరు తీసి హాజరు పిలిచాను. ఏం పిలవడం, అందరూ ఎదురుగానే ఉన్నారు.

ఆయా మళ్ళీ నర్సింగ్ హోమ్‌కి వెళ్ళి అడిగింది. ఖాళీ లేదన్నారు. మీ ఆఫీసు ఊళ్ళోకి వచ్చిన కొత్తలో ఉద్యోగ మేళాలు పెట్టి మరీ చెప్పారు, భూమి లేకపోయినా పెద్ద చదువు లేకపోయినా గొంతుంటే చాలు, బతికేయొచ్చు అని. ఆ మాటే నా బోర్డు మీద రాయించాను. దాన్నిప్పుడు చెరిపించాలా, ఉంచాలా?

ఫ్యాను వెనక్కి పంపుదామనుకున్నాను. ఉక్కగా ఉంది, వీళ్ళకోసం ఉంచుకున్నాను.


ఆఫీసు
అక్టోబరు

వదినగారికి,

మీరు జవాబు రాయరని తెలుసు. ఇది చదివితే చాలు.

ఇక్కడ ఒక పని వచ్చింది. మర్యాదగా మాట్లాడేవాళ్ళతో మెషిన్ బాగానే ఉంది. నిజంగా కోపం వచ్చినవాళ్ళు తిడితేనే తికమకపడుతోంది, ఒకే ముక్కని తిప్పి తిప్పి చెప్తోంది. అందుకని దాన్ని ఫోనులో తిట్టేవాళ్ళు కావాలట. రకరకాలుగా, రకరకాల కష్టాలు చెప్పి తిట్టాలి. రోజుకూలీ ఇస్తారు. ఎన్నాళ్ళో చెప్పలేదు, ఎక్కువ కాలం ఉండదు.

మీ ఇన్‌స్టిట్యూట్ పేరు నేనే చెప్పాను. ఇది ఉద్యోగం కాదని నాకు తెలుసు. మీరు ఈ కాగితం చించేసినా నేనేమీ అనుకోను. ఆయాగారికి మాత్రం ఒకసారి చెప్పండి.

మీ మరదలు


ఇన్‌స్టిట్యూట్
నవంబరు

మరదలికి,

చించేద్దామనే అనుకున్నాను. ఆయా ఒప్పుకోమంది. "ఖాళీగా కూర్చుని మా తోడికోడల్ని తిట్టుకునే బదులు దాన్ని తిడతాను మేడం" అంది.

అనుకున్నంత తేలిక కాదే. మొదటిరోజు ఒక్కరికీ తిట్టడం రాలేదు. సైరన్ ఫోను పట్టుకుని చెమటలు కక్కి, "మీరు... మీరు అంత మంచివారు కాదండీ" అంది. క్లాసంతా విరగబడి నవ్వింది. ఇంకొకమ్మాయి తిట్టడం మొదలుపెట్టి మధ్యలో "అవునండీ, ఈ తిప్పలు మా వల్లే" అనేసింది. అటు అదీ అదే మాట అంది. ఇద్దరూ ఒకరికొకరు సర్దిచెప్పుకుంటూ కూర్చున్నారు. నాకు తల ఎక్కడ కొట్టుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ వీళ్ళకి కోపం మింగడం నేర్పాను, ఇప్పుడు బోర్డు తుడిచి కక్కడం నేర్పాల్సి వచ్చింది. నా అనుభవంలో ఇంత దిక్కుమాలిన పాఠం చెప్పలేదు.

రెండో వారానికి దారిలో పడ్డారు. కింద మందుల షాపాయన పరుగున పైకొచ్చి, "ఎవర్ని చంపుతున్నారమ్మా?" అని అడిగాడు.

ఆయా అందరికంటే ఆఖరున కూర్చుంది. ఫ్రిజ్ అని మొదలుపెట్టి, ఫ్రిజ్ వదిలేసింది. "నా కుర్చీలో కూర్చున్నావు నువ్వు. నేను పని మానుకుని వచ్చాను. నీకు ఇల్లుందా? నీకు నడుముందా? నీకెందుకే ఈ ఉద్యోగం?" అంది. గొంతు పెంచలేదు. అది అంతా విని, "మీ కుర్చీలో నేను కూర్చున్నానంటున్నారు. అవునండీ, ఈ తిప్పలు మా వల్లే" అని ఊపిరి తీసుకుంది. ఆయా ఫోను పెట్టేసి, టీ తాగొస్తానని మెట్లు దిగి వెళ్ళింది. సాయంత్రానికి మళ్ళీ వచ్చింది, కూలీ పోతుందని.

నిన్న నేను కూడా కూర్చున్నాను. ఎలా తిట్టాలో చూపిద్దామని కూర్చున్నాను. ఎదురుగా క్లాసుందని కాసేపటికి మర్చిపోయాను. ఏమన్నానో పూర్తిగా గుర్తులేదు. అవన్నీ నీ దగ్గరికే వస్తాయటగా. విను.

వదిన


ఆఫీసు,
అందరూ వెళ్ళిపోయిన వరస
డిసెంబరు

వదినా,

విన్నాను.

మీవాళ్ళ పని ఈ వారంతో ఆఖరు. తిట్లన్నీ నేర్చేసుకుందట, ఇక చాలన్నారు. నేను రెండుసార్లు వెళ్ళి ఆయాగారిని ఒక్కరినైనా ఉంచుకోమని అడిగాను. దేనికి అన్నారు. ఈ సంగతి ఈసారి ముందే రాస్తున్నాను, ఆవిడ ఇప్పటినుంచే వేరే పని వెతుక్కోవచ్చు.

మీ రికార్డింగ్ గురించి రాయాలి. ఫిర్యాదు అని మొదలుపెట్టి కాసేపటికే నన్ను పిలిచారు మీరు. "మరదలా, మనసు కష్టపెట్టలేక అన్నావు, అది నేను నమ్మలేదు. ఆయా పని మానేసిందని రాశాక కూడా ఎందుకు చెప్పలేదే? అప్పుడు చెప్పినా వెళ్ళి కాళ్ళావేళ్ళా పడి ఆవిడకి ఆ పని తిరిగి ఇప్పించేదాన్ని. నిజం చెప్పు, ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

దానికి అది, "ఆయా పని మానేసిందని రాశాక కూడా చెప్పలేదంటున్నారు. అవునండీ, ఈ తిప్పలు మా వల్లే" అంది. సరిగ్గా ఎక్కడ తీసుకోవాలో అక్కడ ఊపిరి తీసుకుంది. "ఇప్పుడు మీకు ఏ విధంగా సాయపడగలను?" అని అడిగింది. మీరు చాలాసేపు లైన్లోనే ఉన్నారు. అది కూడా పాఠం ప్రకారం ఎదురుచూసింది.

ప్రతి కాల్ కింద నేను మార్కు వేయాలి. మీ పాఠం పక్కన పెట్టుకుని చూశాను, ఒక్క తప్పు లేదు. సరైన సమాధానం అని వేశాను. వేసి, బయటికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి ఇది రాస్తున్నాను.

మీరు అడిగింది దాన్ని కాదు, నన్ను. మీ మనసు కష్టపెట్టలేక అన్నది అబద్ధం. ఆయాగారు పని మానేశారని మీరు రాసిన వారమే మా టీమ్ లీడర్ పిలిచి, మెషిన్‌కి మాట తీరు నేర్పగలిగినవాళ్ళు ఒక్కరు ఉంటారు, మిగతావాళ్ళు వెళ్తారు అన్నాడు. నాకొచ్చిన మాట తీరు మీదే. అది కాగితం మీద కావాలి. ఇంటర్వ్యూలు లేవని చెప్తే, ఎందుకు లేవని మీరు అడుగుతారు. ఎందుకో తెలిస్తే మీరు ఆ పాఠం రాసివ్వరు. మీరు రాసివ్వకపోతే, వెళ్ళిపోయినవాళ్ళలో నేనూ ఉండేదాన్ని. అన్నీ ఆలోచించుకునే ఏసీ గురించి రాశాను వదినా, తెలిసే రాశాను.

ఆయాగారికి ఇది చదివి వినిపించండి. దాచొద్దు.

మళ్ళీ అలాంటి రోజు వస్తే ఈసారి తప్పకుండా చెప్తానని రాద్దామని కలం పట్టుకుని కూర్చున్నాను. రాయలేకపోతున్నాను.

మీ మరదలు